సెలవులిచ్చేలోపే తేల్చుకోవాల్సిన సంగతులు

ఏప్రిల్ వస్తే బెంగళూరులో స్కూళ్ళు మూస్తారు, ఆఫీసులు మూయరు. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగు ఇళ్ళల్లో చాలాచోట్ల భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులే. కొన్నాళ్ళు అనంతపురం నుంచి అమ్మమ్మ వస్తుంది, కొన్నాళ్ళు సమ్మర్ క్యాంపు, మిగతా రోజుల్లో ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకుంటాం. ఆ ఎవరో ఒకరు ఎవరన్నది మార్చిలోనే తేలాలి.

ఒక కాగితం మీద, పిల్లలు ఏ గంటలో ఎవరి దగ్గర ఉంటారో రాయండి. క్యాంపు వ్యాన్ ఒంటిగంటకు దింపుతుంది, అమ్మ ఏడుకు వస్తుంది. మధ్యలో ఎవరు? మే నెల వానకు సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోతే ఎవరు? రెండు పేర్లు ఉండాలి, ఇద్దరినీ ముందే అడిగి ఒప్పించాలి. సెక్యూరిటీ అన్న ఎంత మంచివాడైనా ఆయన పని గేటు దగ్గర. ఆ కాగితంలో ఆయన పేరు వద్దు.

ఇంట్లోవాళ్ళకే తెలిసిన కోడ్ మాట ఒకటి పెట్టుకోండి. 'గోంగూర' అన్నా సరే. "మీ నాన్న పంపారు, రా" అంటూ ఎదురింటి అంకుల్ వచ్చినా, ఆ మాట చెప్పకపోతే కదలకూడదు. ఒకసారి వాడాక మార్చేయండి. ఇక ఫోన్ నంబరు. టీవీ పిన్ గడగడా చెప్పే పిల్లలకు నాన్న నంబరు రాదు, విచిత్రం. మెజెస్టిక్ బస్టాండు రద్దీలో తప్పిపోతే ఎటూ పరుగెత్తకుండా ఉన్నచోటే నిలబడి, పిల్లలతో ఉన్న ఒక ఆంటీనో యూనిఫాంలో ఉన్నవాళ్ళనో పిలిచి "అమ్మ కాణిస్తిల్ల, ఫోన్ మాడి" (అమ్మ కనబడట్లేదు, ఫోన్ చేయండి) అనేంత కన్నడం నేర్పండి.

అసలు కష్టమైన మాట వేరే ఉంది. "తెలియనివాళ్ళు చాక్లెట్ ఇస్తే తీసుకోకు" అని చెప్పి మన పని అయిపోయిందనుకుంటాం. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో చేయించిన అధ్యయనంలో సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు. వాళ్ళలో సగానికి పైగా అబ్బాయిలే. వేధించినవాళ్ళలో సగంమంది పిల్లలకు తెలిసినవాళ్ళు, నమ్మకంగా అప్పగించినవాళ్ళు. కాబట్టి మగపిల్లాడికేం భయం అనకండి.

దీనికి కుర్చీలో కూర్చోబెట్టి క్లాసు పీకక్కర్లేదు. స్నానం చేయిస్తూనే చెప్పొచ్చు.

"చడ్డీ లోపలిది నీది, కన్నా. ఎవరూ చూడకూడదు, ముట్టుకోకూడదు."
"డాక్టర్?"
"నేను పక్కనుంటే చూడొచ్చు."
"బాబాయ్?"
"బాబాయైనా, ట్యూషన్ సారైనా కుదరదు."
"అమ్మకి చెప్పొద్దంటే?"
"అది ముందు చెప్పాలి. నిన్ను తిట్టను."

ఆ చివరి ముక్క మళ్ళీ మళ్ళీ చెప్పాలి. పాలు ఒలకబోసినా అరిచే ఇంట్లో ఇంత పెద్ద సంగతి ఏ పిల్లా చెప్పదు. ఇంకొకటి, ఊరినుంచి మావయ్య రాగానే "వెళ్ళి ముద్దు పెట్టు" అని తోయకండి. నమస్తే చాలు. పెద్దవాళ్ళు నొచ్చుకుంటారంటారా? నొచ్చుకోనివ్వండి.

పిల్లలు ఏదైనా చెబితే "అప్పుడే ఎందుకు చెప్పలేదు" అనొద్దు. నమ్ముతున్నానని చెప్పండి. ఒక్కొక్కరూ కూర్చోబెట్టి కథంతా మళ్ళీ అడగొద్దు. అప్పుడే జరిగుంటే స్నానం చేయించకుండా, బట్టలు ఉతక్కుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి. 1098 పిల్లల హెల్ప్‌లైన్, ప్రమాదం కళ్ళముందుంటే 112.

పోలీసులంటే టెన్షన్ సహజమే. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లలను స్టేషన్‌కు తిప్పక్కర్లేదు. వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు. వీలైనంతవరకు మహిళా ఎస్సై రావాలి, యూనిఫాంలో రాకూడదు. తెలిసీ ఫిర్యాదు చేయకపోవడమే నేరం. "పరువు పోతుంది, ఇంట్లోనే సర్దుకుందాం" అనే పెద్దవాళ్ళకు ఇదీ చెప్పండి: పిల్లల పేరు, ఫోటో, స్కూలు, ఇంటి వివరాలు మీడియాలో బయటపెడితే జైలు శిక్ష పడొచ్చు.