వేదికపై మాట – 4వ పాఠం: ఫిర్యాదును సాక్ష్యంగా చెప్పడం

1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు ఆయన హిందీ ప్రసంగాన్ని బాల్యంలోనే తెలుగులోకి అనువదించి వినిపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ను ఆధారం చేసుకుని, ఇతరుల మాటను సభకు అందించే పద్ధతిని గత పాఠంలో సాధన చేశాం. ఈ పాఠంలో చేపట్టే పని అంతకన్నా కష్టమైనది. తనకు జరిగిన అన్యాయాన్ని, నిర్ణయం తీసుకునే అధికారం ఉన్నవారి ఎదుట, కొద్ది నిమిషాల్లో, వారు పక్కకు నెట్టేయలేని విధంగా చెప్పడం ఎలాగో నేర్చుకుందాం. ఇందుకు అమెరికా పౌరహక్కుల ఉద్యమ నాయకురాలు ఫానీ లూ హేమర్ 1964 ఆగస్టు 22న అట్లాంటిక్ సిటీలో ఇచ్చిన వాంగ్మూలం కన్నా మంచి పాఠ్యాంశం నాకు కనిపించలేదు.

ముందుగా సందర్భం తెలుసుకోవాలి. మిసిసిపీ రాష్ట్రంలో నల్లజాతి వారిని ఓటర్లుగా నమోదు కానివ్వకుండా పరీక్షలతో, బెదిరింపులతో అడ్డుకునేవారు. డెమోక్రాటిక్ పార్టీ జాతీయ మహాసభకు ఆ రాష్ట్రం నుంచి వచ్చిన బృందంలో అందరూ తెల్లవారే కావడంతో, ఆ స్థానాలు న్యాయంగా తమకు చెందాలని, ఇలా బయట ఉంచబడిన నల్లజాతివారు ముందుండి పెట్టుకున్న మిసిసిపీ ఫ్రీడమ్ డెమోక్రాటిక్ పార్టీ వాదించింది. ఆ వాదనను వినే కమిటీ ముందు సాక్షిగా కూర్చున్న హేమర్, పత్తి చేలలో కౌలు కూలీల ఇంట ఇరవయ్యో సంతానంగా 1917లో పుట్టారు. ఆరేళ్ల వయసు నుంచి పత్తి ఏరారు. బడి చదువు చిన్నతనంలోనే ఆగిపోయింది. తండ్రి చర్చిలో బోధకుడు కావడం వల్ల, జనం ముందు మాట ఎలా లేస్తుందో, ఎక్కడ ఆగుతుందో ఆమె చెవికి చిన్ననాటి నుంచే తెలిసి ఉంటుందని నా అభిప్రాయం. ఇంగ్లీషు వ్యాకరణం ప్రకారం ఆమె వాక్యాల్లో తప్పులు వెతకవచ్చు. వెతికినవారికి దక్కేది ఆ తప్పులే తప్ప ప్రసంగం కాదు.

ఇప్పుడు ఆ వాంగ్మూలం నిర్మాణాన్ని దగ్గరగా చూద్దాం. కమిటీ అధ్యక్షుణ్ణి, సభ్యులను సంబోధించిన వెంటనే ఆమె తన పేరు, ఇంటి నంబరు, వీధి, ఊరు, జిల్లా చెప్పారు. నల్లజాతివారి హక్కులను గట్టిగా వ్యతిరేకించే సెనేటర్ ఈస్ట్‌లండ్ సొంత జిల్లా కూడా అదేనని ఆ వాక్యంలోనే చేర్చారు. ఆయన మీద ఒక్క నింద వేయలేదు. అయినా తాను నివసించే చోటు ఎవరి ఏలుబడిలో ఉందో వినేవారికి అర్థమైపోయింది. చిరునామా చెప్పడం మనకు లాంఛనంగా తోస్తుంది కానీ, ప్రాణభయం ఉన్న మనిషి టెలివిజన్ కెమెరాల ముందు తన ఇల్లు ఎక్కడో చెప్పడం దానంతట అదే ఒక ప్రకటన.

రెండో వాక్యంలో తేదీ, సంఖ్య, దూరం వరుసగా వస్తాయి. 1962 ఆగస్టు 31న పద్దెనిమిది మందిమి 26 మైళ్లు ప్రయాణించి, ఓటు నమోదు కోసం ఇండియనోలా న్యాయస్థానానికి వెళ్లామని ఆమె చెప్పారు. తిరుగు ప్రయాణంలో పోలీసులు బస్సును ఆపి, ఉండకూడని రంగు బస్సును నడిపాడని డ్రైవరుపై నేరం మోపారు. ఈ ఆరోపణ ఎంత హాస్యాస్పదమో ఆమె వ్యాఖ్యానించలేదు, తామంతా కలిసి జరిమానా కట్టి ఊరు చేరుకున్నామని మాత్రం చెప్పి ముందుకు సాగారు. మీరైతే ఆ చోట ‘ఎంత సిగ్గుచేటు’ అని ఒక మాట కలపకుండా ఉండగలరా అని ప్రశ్నించుకోండి. ఈ పాఠంలోని మెలకువ చాలావరకు ఆ నిగ్రహంలోనే ఉంది.

ఊరు చేరాక ఏం జరిగిందో చెప్పేటప్పుడు ఆమె సంభాషణను వాడారు. తాను పద్దెనిమిదేళ్లు పనిచేసిన భూమి యజమాని వచ్చి, నమోదు దరఖాస్తును వెనక్కి తీసుకోకపోతే ఇల్లు విడిచి వెళ్లాలన్నాడు. ‘నేను మీ కోసం నమోదుకు ప్రయత్నించలేదు, నా కోసం ప్రయత్నించాను’ అని ఆమె బదులిచ్చారు. ఆ రాత్రే ఇల్లు విడవవలసి వచ్చింది. రెండు వైపుల మాటలనూ అన్నవి అన్నట్టుగా వినిపించడం వల్ల, ఎవరు దౌర్జన్యం చేశారో శ్రోత తనంతట తానే తేల్చుకుంటాడు. సెప్టెంబరు 10న తన కోసం ఒక ఇంటి మీదకు పదహారు తూటాలు పేల్చారని, అలాగే తేదీతో, లెక్కతో చెప్పారు.

1963 జూన్ 9న వినోనా పట్టణంలో జరిగిన అరెస్టు ఈ వాంగ్మూలంలో అత్యంత భయంకరమైన భాగం. జైలులో ఇద్దరు నల్లజాతి ఖైదీలకు బ్లాక్‌జాక్ అనే చిన్న లాఠీ ఇచ్చి ఆమెను కొట్టించారు. మొదటివాడు అలసిపోయేదాకా కొట్టాడని, తరువాత రెండోవాడికి ఆజ్ఞ ఇచ్చారని చెప్పారు. ఆరేళ్లప్పుడు పోలియో సోకిన ఎడమవైపును కాపాడుకోవడానికి చేతులు వెనక్కి పెట్టుకున్నానని, దుస్తులు పైకి జరిగితే తాను కిందికి లాక్కున్నానని, ఒక తెల్లవాడు మళ్లీ పైకి లాగాడని చెప్పారు. అక్కడ ఆమె తన బాధను వర్ణించలేదు. చేతులు ఏం చేశాయో చెప్పారు. వినేవారి మనసులో బాధ ఆ చేతుల కదలిక నుంచే పుడుతుంది.

ఇంత చెప్పాకే, ఇదంతా మేము నమోదై పూర్తి స్థాయి పౌరులం కావాలనుకున్నందుకే జరిగిందని, తమ ప్రతినిధులకు స్థానం ఇవ్వకపోతే తాను అమెరికానే ప్రశ్నిస్తానని అన్నారు. మర్యాదస్తులుగా బతకాలనుకున్నందుకు ప్రాణాలకు రోజూ బెదిరింపులు వస్తుంటే, ఫోను రిసీవరు పక్కన పెట్టి నిద్రపోవలసిన ఈ దేశమేనా స్వేచ్ఛాభూమి అని అడిగి ముగించారు. ఇదే ప్రశ్నను మొదట్లో అడిగి ఉంటే అది నినాదంగా మిగిలేది.

ఆమె మాట్లాడుతుండగానే అమెరికా అధ్యక్షుడు జాన్సన్ హడావుడిగా విలేకరుల సమావేశం పెట్టి కెమెరాలను తనవైపు తిప్పుకున్నారు. టెలివిజన్ సంస్థలు ఆ సాయంత్రం ఆమె వాంగ్మూలాన్ని ప్రసారం చేయడంతో దేశమంతా విన్నది. అయినప్పటికీ అడిగిన స్థానాలు దక్కలేదు. ఇవ్వజూపిన రెండు సీట్లను ఆమె పార్టీవారు తిరస్కరించారు. 1965లో ఓటు హక్కుల చట్టం వచ్చింది, 1968 షికాగో మహాసభలో ఆమె ప్రతినిధిగా కూర్చున్నారు. మంచి ప్రసంగం ఆ రోజే గెలిపిస్తుందని చెప్పే పాఠాలను నేను నమ్మను కాబట్టి ఈ సంగతి దాచకుండా రాస్తున్నాను.

ఇక సాధన. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికో, గ్రామసభకో మీరు ఒక సమస్య తీసుకువెళుతున్నారనుకోండి. ‘మా కాలనీలో నీటి ఎద్దడి దారుణంగా ఉంది, అధికారుల నిర్లక్ష్యం పరాకాష్ఠకు చేరింది’ అని మొదలుపెడితే, అటువంటి మాటలు ఉదయం నుంచి వింటున్న అధికారి తల కూడా ఎత్తడు. దాన్నే ఇలా చెప్పి చూడండి: ‘నా పేరు ఇది, మాది ఫలానా వీధి. మా చేతిపంపు మార్చి 3న ఆగిపోయింది. మార్చి 5న అర్జీ ఇచ్చాం, రసీదు ఇదిగో. పంపు చూడటానికి వచ్చిన మనిషి, సామాను లేదు, వారంలో వస్తానన్నాడు. ఇవాళ ఏప్రిల్ 14. మా అత్తగారు కిలోమీటరు నడిచి రెండు బిందెలు తెస్తున్నారు.’ ఇది కల్పిత ఉదాహరణే. అయినా రెండో రూపంలో తేదీలే నిర్లక్ష్యాన్ని చెబుతున్నాయి.

మీకు నిజంగా జరిగిన ఒక విషయాన్ని ఇదే క్రమంలో, చదివితే మూడు నిమిషాలు దాటకుండా రాయండి. తరువాత ఎర్ర కలంతో ఘోరం, దారుణం, అమానుషం వంటి మాటలన్నీ కొట్టివేసి, ప్రతి కొట్టివేత దగ్గర ఒక తేదీ గాని, దూరం గాని, ఎవరో అన్న మాట గాని పెట్టండి. పెట్టడానికి ఏమీ దొరకని చోట ఆ వాక్యమే తీసేయండి. తేదీ, సంఖ్య పలికాక ఒక్క ఊపిరి ఆగండి, అంకెలను తొందరగా మింగేయడం మనలో చాలామందికి ఉన్న అలవాటు. ఫోనులో రికార్డు చేసి, విషయం తెలియని ఒకరికి వినిపించి, తప్పు ఎవరిదని వారికి తోచిందో అడగండి. మీరు పేరు పెట్టి నిందించకుండానే వారు సరైన జవాబు చెబితే అయిదో పాఠానికి రావచ్చు. అందులో మలాలా యూసఫ్‌జాయ్ తన పదహారో పుట్టినరోజున, 2013 జూలై 12న, ఐక్యరాజ్యసమితిలో చేసిన ప్రసంగాన్ని తీసుకుని, చిన్న వాక్యాలను వరుసగా పేర్చే పద్ధతిని చూద్దాం.