డబుల్ మార్కర్‌లో ‘హై రిస్క్’ అని వస్తే ఏం చేయాలి

డబుల్ మార్కర్ అంటే మొదటి మూడు నెలల్లో, బిడ్డకు క్రోమోజోమ్ తేడా ఉండే అవకాశం ఎంతో అంచనా వేసే తల్లి రక్త పరీక్ష. ముందు ఆ రిపోర్ట్‌లోని అంకె చూడండి. 1:180 అని ఉంటే, అలాంటి రిపోర్ట్ వచ్చిన 180 మందిలో ఒకరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే వచ్చే, బుద్ధి, ఎదుగుదల నెమ్మదించే స్థితి) ఉండొచ్చు, మిగతా 179 మందికి ఉండదు. చాలా ల్యాబులు 250లో ఒకటి కంటే ఎక్కువ అవకాశం కనిపిస్తే ‘హై రిస్క్’ అని రాసేస్తాయి. అది అనుమానమే, నిర్ధారణ కాదు. ఆ ఒక్క కాగితం చూసి గర్భం తీయించుకోవద్దు, ఎవరు తొందరపెట్టినా సరే.

ఖాయంగా తెలియాలంటే 15, 16 వారాలు దాటాక ఉమ్మనీరు పరీక్ష (సూదితో కొంచెం ఉమ్మనీరు తీసి చేసేది) చేయించుకోవాలి. దానివల్ల గర్భం పోయే ప్రమాదం చాలా తక్కువ, కానీ అసలు లేదని చెప్పలేం. భయమైతే ముందు ఎన్ఐపీటీ అనే పరీక్ష చేయించుకోవచ్చు, తల్లి రక్తంలో కలిసే బిడ్డ జన్యు పదార్థాన్ని చూస్తారు కాబట్టి తల్లి రక్తం చాలు, ఖర్చు మాత్రం బాగా ఎక్కువ, పైగా అందులో తేడా వచ్చినా మళ్లీ ఉమ్మనీరు పరీక్షతోనే తేల్చుకోవాలి. ఏ పరీక్షా వద్దనుకున్నా మీ ఇష్టమే, ఎవరూ బలవంతం చేయకూడదు.

తేడా ఉందని తెలిస్తే ఏం చేద్దామని రిపోర్ట్ వచ్చేలోపే భార్యాభర్తలిద్దరూ మాట్లాడుకోండి. ఏమైనా సరే కంటాం అనుకునేవాళ్లకూ పరీక్ష పనికొస్తుంది, ఎందుకంటే డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది, ముందే తెలిస్తే కాన్పు ఎక్కడో, బిడ్డ గుండె వైద్యం ఎక్కడో చూసుకోవచ్చు, తిరుపతిలోనే టీటీడీ వాళ్ల పద్మావతి పిల్లల గుండె ఆసుపత్రి 2021 నుంచి ఉంది. టిఫా స్కాన్‌లో (ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) వంకర పాదం, గ్రహణం మొర్రి లాంటివి కనిపిస్తే అవి వైద్యంతో సరిచేయగలిగినవి, తిరుపతిలోని టీటీడీ వాళ్ల బర్డ్ ఆసుపత్రిలో అడగండి. జన్యువుల సంగతి వివరంగా కావాలంటే, చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ ఆసుపత్రి దగ్గరే. వీలైతే డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డను పెంచుతున్న తల్లితోనూ ఒకసారి మాట్లాడండి, డాక్టర్ చెప్పలేని సంగతులు ఆమె చెప్తుంది.

గ్రహణం రోజు బయటికొచ్చావనో, మీ వైపు వంశంలోనే ఉందనో అనేవాళ్లు ఉంటారు. డౌన్ సిండ్రోమ్ 21వ క్రోమోజోమ్ ఒకటి ఎక్కువ రావడం వల్ల వస్తుంది, తల్లి చేసిన తప్పేమీ లేదు. ఈ మాట భర్తే అందరి ముందూ గట్టిగా చెప్పాలి.

గర్భం తీయించుకోవాలంటే చట్టం సంగతి. 20 వారాల వరకు ఒక డాక్టర్ ఒప్పుకుంటే చాలు, బిడ్డలో తీవ్రమైన లోపం ఉంటే 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్లు, ఆ తర్వాత మెడికల్ బోర్డు. 18 నిండిన ఆడమనిషికి తన సంతకం ఒక్కటే చాలు, భర్తదీ అత్తగారిదీ అక్కర్లేదు. ఉమ్మనీరు పూర్తి రిపోర్ట్ రావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు కాబట్టి ఈ లెక్క ముందే వేసుకోండి, ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీరు కొలిచేది, డబుల్ మార్కర్‌తో పాటు చేసేది) 11 నుంచి 14వ వారం లోపే అయిపోవాలి.

గర్భం ఆపేయాలని నిర్ణయించుకుంటే, ఐదో నెలలో అది చాలావరకు కాన్పులాగే నొప్పులతో జరుగుతుంది, తర్వాత పాలు కూడా రావచ్చు. డాక్టర్ చెప్పకపోతే మీరే అడిగి తెలుసుకోండి, ఆ రోజుల్లో అమ్మనో అక్కనో పక్కనే ఉంచుకోండి.