బ్యాకప్ డిస్క్‌లో ఉంటే ఒక లెక్క, టేపులో ఉంటే ఇంకో లెక్క

ఆఫీసు సర్వర్ బ్యాకప్ డిస్క్‌లో ఉంటే అది మామూలు ఫైలే. ఫోల్డర్ తెరిస్తే కనబడుతుంది, పాతది డిలీట్ చేస్తే అంత చోటు ఖాళీ అవుతుంది. టేపులో (క్యాసెట్‌లాగా మ్యాగ్నెటిక్ రీలు ఉండేది) మాత్రం రాసిందంతా ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉంటుంది కాబట్టి మధ్యలో ఒక్క బ్యాకప్ తీసేసి ఆ చోటు వాడుకోవడం కుదరదు, టేపులో ఉన్నవాటన్నిటికీ గడువు తీరాకే మళ్లీ మొదటి నుంచి రాసుకోవాలి. ఎల్‌టీఓ అనే రకం బ్యాకప్ టేపుల్లో తొమ్మిదో తరం, అంటే ఎల్‌టీఓ-9 కార్ట్రిడ్జ్‌లో 18 టీబీ పడుతుంది. పైన రాసి ఉండే 45 టీబీ కంప్రెషన్ (డేటాని కుదించడం) కలిపిన అంకె, దాన్ని నమ్ముకుని టేపులు కొనకండి, ముందే కుదించి ఉండే వీడియోలూ జిప్ ఫైళ్లూ ఇంకేం తగ్గవు.

ఏ ఫైలు ఏ టేపులో ఎక్కడుందో చెప్పేది బ్యాకప్ సాఫ్ట్‌వేర్ క్యాటలాగ్. సర్వర్‌తో పాటు అదీ పోతే టేపులు ఒక్కొక్కటీ డ్రైవ్‌లో పెట్టి స్కాన్ చేయించాల్సి వస్తుంది, నిండు ఎల్‌టీఓ-9 టేపు ఆ చివరి దాకా చదవాలంటే పూర్తి వేగంతోనే 12 గంటలు దాటుతుంది. కాబట్టి క్యాటలాగ్ కాపీ ఇంకో మెషీన్‌లో తప్పకుండా ఉంచండి.

రీస్టోర్ చేసే ముందు ఆ బ్యాకప్ ఫుల్లా (మొత్తం కాపీ), ఇంక్రిమెంటలా (ముందటి బ్యాకప్ తర్వాత మారినవి మాత్రమే) చూడండి. ఆదివారం ఫుల్, మిగతా రోజులు ఇంక్రిమెంటల్ అయితే, బుధవారం నాటి సర్వర్ మొత్తం కావాలంటే ఆదివారం నుంచి బుధవారం దాకా నాలుగూ ఉండాలి. డిస్క్‌లో అన్నీ ఒకేచోట దొరుకుతాయి. టేపుల్లో అయితే బార్‌కోడ్ నంబర్లు ముందే రాసుకుని, అన్నీ చేతిలో ఉన్నాకే మొదలుపెట్టండి.

నా మాట వింటే గత రెండు వారాలవి డిస్క్‌లో, నెలాఖరు ఫుల్ టేపులో పెట్టండి. ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగే వైరస్) వస్తే నెట్‌వర్క్‌లో ఉన్న డిస్క్‌నీ లాక్ చేసేస్తుంది, డ్రైవ్‌లోంచి తీసి పక్కన పెట్టిన టేపు దాని చేతికి అందదు. ఆ టేపు కూడా అదే బిల్డింగ్‌లో వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది కదా, గ్రౌండ్ ఫ్లోర్‌లో సర్వర్, పక్క బీరువాలో టేపులు ఉంటే రెండూ ఒకేసారి పోతాయి. గుంటూరులో బ్రాంచి ఉంటే అక్కడ పై అంతస్తులో పెట్టించండి, రేకుల షెడ్డులో మాత్రం వద్దు, మన ఎండలకి టేపు పాడవుతుంది.

డ్రైవ్ మార్చేటప్పుడు ఇంకొకటి చూసుకోండి: ఎల్‌టీఓ-9 డ్రైవ్ ఎల్‌టీఓ-8 టేపు చదువుతుంది, ఎల్‌టీఓ-7 చదవదు. పాత టేపుల్లో ఆడిట్ లెక్కలు ఉన్నన్నాళ్లూ పాత డ్రైవ్ అమ్మేయకండి.