మీటింగులో తలలూపడం ఆగాలంటే ముందు కాగితం, తర్వాతే మాట

మేనేజర్ ముందుగా తన అభిప్రాయం చెప్పేస్తే, తర్వాతి మాటలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. ఎవరూ ఎదురు చెప్పకపోవడాన్నే ఒప్పుకోలుగా రాసుకుంటారు. కొత్త ఆలోచనలు అక్కడే ఆవిరైపోతాయి.

దీన్ని పిరికితనం అనుకోవద్దు. 1950ల్లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గీతల పొడవు పోల్చే పరీక్ష పెట్టారు. ఒంటరిగా చేస్తే దాదాపు ఎవరూ తప్పు చేయని పరీక్ష అది. చుట్టూ ఉన్నవాళ్లంతా కూడబలుక్కుని తప్పు జవాబు చెబితే మాత్రం, సుమారు మూడింట ఒక వంతు జవాబులు ఆ తప్పు వైపే మొగ్గాయి. గదిలో ఇంకొక్కరు నిజం చెప్పినా, జవాబును కాగితం మీద రాయమన్నా ఆ మొగ్గు బాగా తగ్గిపోయింది. ఈ రెండు మార్గాలూ మన చేతిలో ఉన్నవే.

ఒకరోజు ముందే సమస్యను ఒక్క ప్రశ్నగా రాసి పంపండి. ‘రిపోర్టు ఎలా మెరుగుపరచాలి’ అంటే ఎవరికీ ఏమీ తట్టదు. ‘నెలవారీ రిపోర్టులో ఏ పని తీసేస్తే నష్టం ఉండదు?’ అని అడగండి. మీకు నచ్చిన పరిష్కారం అందులో తొంగిచూడకూడదు.

మీటింగుకు ఆరు నుంచి ఎనిమిది మంది చాలు. కూర్చోగానే 10 నిమిషాలు మౌనంగా రాయాలి. చీటీకి ఒక్క ఆలోచన, పేరు వద్దు. మూడు నాలుగు నిమిషాలకే పెన్నులు ఆగుతాయి, ఎందుకంటే అందరికీ తట్టే జవాబులు అప్పటికి అయిపోతాయి. చాలామంది అక్కడే ఆపేస్తారు. దయచేసి ఆపకండి, అసలైనవి ఆ ఇబ్బందికరమైన నిశ్శబ్దం దాటాకే వస్తాయి. నోటితో చెప్పించడం దీనికి సాటిరాదు: తన వంతు కోసం ఎదురుచూసే మనిషి తట్టిన ఆలోచనను మరిచిపోతాడు, లేదా తనకు తానే కొట్టేసుకుంటాడు.

తర్వాత చీటీలు కలిపి, వ్యాఖ్య లేకుండా చదివి బోర్డు మీద రాయండి. చర్చ కొత్తగా చేరినవారితో మొదలై పై అధికారితో ముగియాలి. చివర్లో ఒక్కొక్కరూ మూడింటిని ఎంచి, రహస్యంగా ఓటేయాలి.

బెడిసికొట్టే చోట్లు రెండు. ‘ఇది రాసిందెవరు?’ అని ఒక్కసారి అడిగితే చాలు, మరుసటిసారి చీటీలు చప్పగా వస్తాయి. చేతిరాత గుర్తుపడతారనుకుంటే టైపు చేయించండి. రెండోది, ఎవరికో ఒకరికి ఎదురు వాదించే పాత్ర అప్పగించడం. అది నటన అని అందరికీ తెలుసు కాబట్టి పెద్దగా పట్టించుకోరు. నిజంగా సందేహం ఉన్న మనిషిని ముందురోజే కలిసి, ఆ మాట మీటింగులో చెప్పమని కోరండి.

మీ ఎదుగుదల కోసం ఇంకో చిన్న పని. మీటింగుకు ముందు మీ అభిప్రాయం, దానికి కారణం రెండు లైన్లలో రాసుకోండి. బయటికొచ్చాక పక్కనే మీరు అన్నది రాయండి. తేడా ఉంటే, కొత్త కారణం విని మారారా, ముఖాలు చూసి మారారా అన్నది గుర్తు పెట్టండి. నెలలో రెండో రకం గుర్తులే ఎక్కువైతే, వచ్చే మీటింగులో చర్చ మొదలైన అయిదు నిమిషాల్లోనే మాట్లాడండి. ఆలస్యమయ్యేకొద్దీ గది ఒకవైపు ఒరిగిపోయి, నోరు తెరవడం మరింత బరువవుతుంది.