పిల్లల చదువుకు ఇంట్లో ఇంటర్నెట్: బెంగళూరులో తక్కువ ఆదాయ కుటుంబాలకు తోడ్పడే తీరు

మారతహళ్లి, కె.ఆర్. పురం, బొమ్మనహళ్లి వైపు వఠారాల్లో ఒంటి గదుల్లో కాపురముండే అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల కుటుంబాలలో చాలామందికి ఇంటర్నెట్ అంటే తండ్రి జేబులోని ఫోనే. ఆయన పొద్దున్నే పనికి వెళితే అదీ వెళ్లిపోతుంది; రాత్రి ఆయన తిరిగి వచ్చేసరికి ఆ రోజు డేటా అయిపోయి ఉంటుంది. అందుచేత సాయం చేయదలచినవారు ట్యాబ్లెట్ కొనివ్వడానికి ముందు ఇంటిని అంటిపెట్టుకుని ఉండే కనెక్షన్ గురించి ఆలోచించడం మేలు.

ముందుగా ఆ కుటుంబంతో కూర్చుని ఖర్చును కాగితం మీద వేయండి. 28 రోజుల రీఛార్జిని ఏడాదికి పన్నెండు కాదు, 13 సార్లు చేయించాలి. ఒక్కోసారి 299 రూపాయలైతే ఒక ఫోనుకు 3,887, రెండు ఫోన్లకు 7,774 రూపాయలవుతుంది. నెలకు 399 రూపాయల ఫైబర్ ప్లాన్‌కు 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు 471, ఏడాదికి 5,650 రూపాయలు. ఫైబర్ వచ్చినంత మాత్రాన ఫోన్ల ఖర్చు పూర్తిగా పోదు గానీ, 2024 డిసెంబరులో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన నిబంధన వల్ల కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పరిమితమైన ప్యాకులు దొరుకుతున్నాయి కనుక, ఎక్కువగా ఇంటి దగ్గరే ఉండేవారి ఫోనుకు అవి సరిపోతాయి.

నిజానికి వారిని ఆపేది నెలవారీ బిల్లు కన్నా మొదట్లో ఒక్కసారిగా కట్టవలసిన డిపాజిట్, బిగింపు ఖర్చు, కొన్ని నెలల అడ్వాన్సు. మీ డబ్బు అక్కడే పెట్టండి. మొదటి ఆరు నెలలకు మీరు ఒకేసారి కట్టి, ఆ వ్యవధిలో తర్వాతి ఆరు నెలల సొమ్మును వారు కొద్దికొద్దిగా కూడబెట్టుకునే ఏర్పాటు చేస్తే, నెలనెలా మీ గుమ్మం ముందు నిలబడవలసిన ఇబ్బంది వారికి ఉండదు.

రెండో అడ్డంకి చిరునామా. ఆధార్‌లో ఊరి చిరునామా ఉంటుంది కనుక అద్దె ఒప్పంద పత్రం ముందే సిద్ధం చేయించండి. తీగ లాగడానికి, గోడకు రంధ్రం వేయడానికి ఇంటి యజమాని ఒప్పుకోవాలి. ఆయనకు తెలుగు వచ్చినా కన్నడంలో అడిగితే పని తొందరగా తెములుతుందన్నది నా అభిప్రాయం. కనెక్షన్ మాత్రం ఆ కుటుంబం పేరుతోనే ఉండాలి.

ఒక కనెక్షన్ తీసుకుని వఠారమంతా పంచుకుందామనే ఆలోచన సహజమే కానీ, ఇంటి ప్లాన్ల షరతులు సాధారణంగా అందుకు ఒప్పుకోవు. ఎవరు ఏం చూసినా జవాబు చెప్పవలసింది ఎవరి పేర ఉందో వారే. దీనికి తగిన దారి 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పబ్లిక్ వైఫై పథకం పీఎం-వాణి. ఈ పథకం కింద వీధి చివరి కిరాణా కొట్టువారు లైసెన్సు ఫీజు లేకుండా వైఫై అందించవచ్చు. అలాంటి కొట్లకు ఇచ్చే 200 ఎంబీపీఎస్ వరకు కనెక్షన్ల ధర, అదే వేగపు ఇంటి ప్లాన్ ధరకు రెట్టింపు మించకూడదని ట్రాయ్ 2025 జూన్‌లో పరిమితి పెట్టింది. తెలుగువారి కొట్టు ఒకటి ఒప్పుకుంటే పది ఇళ్ల పిల్లలకు ఆసరా అవుతుంది.

కట్టడాల దగ్గర రేకుల షెడ్లలో ఉండేవారికి ఫైబర్ రాదు. వారికి ఇంట్లోనే ఉండే ఒక పాత ఫోన్, దానికి విడిగా డేటా రీఛార్జి చాలు. బడి పాఠాలుండే ప్రభుత్వ దీక్ష యాప్‌లోని పాఠాలను డౌన్‌లోడ్ చేసి ఉంచితే నెట్ లేకపోయినా చూడవచ్చు.

రౌటర్ బిగించిన రోజే పాస్‌వర్డ్ మార్పించి, సైట్ల పేర్లను వెతికిపెట్టే సర్వర్ అయిన డీఎన్‌ఎస్‌గా 1.1.1.3 పెట్టిస్తే అశ్లీల సైట్లు చాలావరకు తెరుచుకోవు. నెట్ ఆగిపోతే ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు (ఆ ఫిర్యాదుకు ఇచ్చే సంఖ్య) రాసుకోవడం తల్లిదండ్రులకు నేర్పండి. ఈ కుటుంబాలు తరచుగా గదులు మారుతుంటాయి. కనుక ఖాళీ చేసేముందు కనెక్షన్‌ను కొత్త చిరునామాకు మార్చమని అడగాలి, కుదరకపోతే రౌటర్‌ను తిరిగి అప్పగించి రసీదు తీసుకోవాలి. డిపాజిట్ వెనక్కి రావాలంటే ఆ రసీదు అవసరమవుతుంది.