ప్రయోగాత్మక యానిమేషన్‌కు గ్రాంటు: దరఖాస్తుకు ముందు పది సెకన్లు తీయండి

కథ, మాటలు, పాత్రలు లేకుండా ఆకారాలతో, కదలికతో నడిచే యానిమేషన్‌కు మామూలు నిర్మాతలు దొరకరు. బ్రిటన్‌లో ఛానల్ 4, ఆర్ట్స్ కౌన్సిల్ కలిసి 1990లో మొదలుపెట్టిన పథకం నుంచి ఎదిగిన యానిమేట్ ప్రాజెక్ట్స్ ఇలాంటి పనికి అండగా నిలిచిన సంస్థ. మన దగ్గర బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ కళాకారులకు గ్రాంట్లు ఇస్తుంది, భారతీయ భాషల్లో రాసిన ప్రతిపాదనలు కూడా తీసుకుంటుంది. అంటే తెలుగులోనే రాసి పంపవచ్చు.

ఎవరికి పంపినా ముందు పది సెకన్ల నమూనా తీయండి. 'కాలం, జ్ఞాపకం, మట్టి' అని రెండు పేజీలు రాసినా చదివేవాళ్లకు బొమ్మ కనిపించదు. నమూనా చూస్తే మీ పనితనం తెలుస్తుంది, సినిమా పూర్తిచేయగలరన్న నమ్మకమూ కలుగుతుంది. తక్కువ ఖర్చుతో అయ్యేది ఇసుక యానిమేషన్ కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుందాం: కింద వెలుగున్న గాజు మీద ఇసుకతో బొమ్మ వేసి, కొంచెం కొంచెం మారుస్తూ ఒక్కో ఫొటో తీయడమే అది.

రెండడుగుల వెడల్పు గాజుపలక, దాని కింద పాలరంగు యాక్రిలిక్ షీటు, ఇంకా ఆరంగుళాలు కిందకి ఎల్ఈడీ ప్యానెల్ పెట్టండి. ఆ ఖాళీ వదలకపోతే దీపాలు మచ్చల్లా కనిపిస్తాయి. ఇసుక గాజు మీదే పోయాలి. యాక్రిలిక్ మీద పోస్తే తుడిచినకొద్దీ స్థిరవిద్యుత్తు పుట్టి రేణువులు అంటుకుపోతాయి. సన్న ఇసుకను కడిగి, ఎండబెట్టి, టీ వడకట్టే జాలీలో జల్లించండి. వానాకాలంలో, ముఖ్యంగా కోస్తాలో, వాడేముందు మూకుడులో వేయించి చల్లార్చాలి. తడి ఇసుక ఉండలు కడుతుంది. ముగ్గుపిండి చేతికి అలవాటే అయినా మరీ మెత్తన, గాజు మీద మరక వదులుతుంది. పొర పలచనైతే బూడిదరంగు, మందమైతే నలుపు. వేలు, కుంచె, అట్టముక్క చాలు. ఫ్యాను ఆపేయండి, మూతికి గుడ్డ కట్టుకోండి.

కెమెరాను పైనుంచి నిటారుగా కిందికి చూసేలా గట్టిగా బిగించండి. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందన) 100, అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్ 8, షట్టర్ సెకనులో పదో వంతు దగ్గర మొదలుపెట్టి, వెలుగు తక్కువైతే షట్టర్ సమయం పెంచండి. వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మాన్యువల్‌లో ఉండాలి. స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే సదుపాయం) ఆపేయండి. బ్యాటరీ బదులు కరెంటు అడాప్టర్ వాడండి. బ్యాటరీ మార్చడానికి కెమెరాను ముట్టుకుంటే ఫ్రేము కదిలిపోతుంది.

నమూనా తేలిగ్గా దెబ్బతినేది వెలుగు మిణుకుమిణుకుమనడంతో. దానికి మూడు కారణాలు. మొదటిది కిటికీ: మబ్బు కదిలిన ప్రతిసారీ వెలుగు మారుతుంది, కాబట్టి నల్లగుడ్డ కట్టి, మీరూ ముదురు రంగు బట్టలే వేసుకోండి. రెండోది చవక ఎల్ఈడీ. మన 50 హెర్ట్జ్ కరెంటుకు అది సెకనుకు 100 సార్లు వెలిగి ఆరుతుంటుంది. షట్టర్ నెమ్మదిగా ఉంటే ఆ తేడా సర్దుకుంటుంది. మూడోదాన్ని చాలామంది గమనించరు: డిజిటల్ కెమెరా లెన్స్ ప్రతి క్లిక్‌కీ అపర్చర్ మూసి తెరుస్తుంది, ప్రతిసారీ వెంట్రుకవాసి తేడాతో. అపర్చర్ రింగు ఉన్న పాత మాన్యువల్ లెన్సును అడాప్టర్‌తో బిగిస్తే ఆ బాధ ఉండదు. ఎడిటింగ్‌లో సరిచేయడానికి సాఫ్ట్‌వేర్లు ఉన్నా, అవి ఇసుక ఛాయల్లోని సున్నితమైన తేడాలనూ తినేస్తాయి.

ఇప్పుడు లెక్క. సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మ రెండు ఫ్రేములు నిలిస్తే సెకనుకు 12 బొమ్మలు. పది సెకన్లకు 120. ఒక్కో బొమ్మకు ఎనిమిది నిమిషాలనుకుంటే రోజుకు 60 బొమ్మలు, అంటే ఐదు సెకన్లు. రెండు నిమిషాల సినిమాకు 1,440 బొమ్మలు, 24 రోజులు. ఇసుకలో చెరిపేసిన బొమ్మ తిరిగిరాదు. మధ్యలో తప్పితే ఆ షాటు మొదటినుంచీ తీయాల్సిందే, అందుకే పాతిక శాతం కలిపి 30 రోజులు రాయండి. నమూనా తీసేటప్పుడు మీ అసలు వేగం గడియారంతో కొలిచి ఆ అంకెనే ప్రతిపాదనలో పెట్టండి. ఊహించిన అంకెకూ కొలిచిన అంకెకూ తేడా చదివేవాళ్లకు ఇట్టే తెలుస్తుంది.

ఫ్రేము రేటు ముందే అడగండి. యూరప్ టీవీకి 25 కావాలి. 24లో తీసింది 25కు మారిస్తే నాలుగు శాతం వేగం పెరిగి, శబ్దం శ్రుతి కూడా మారుతుంది.

బడ్జెట్‌లో మొదటి వరుస మీ పారితోషికం. దాన్ని సున్నా వేసి మంచి పేరు తెచ్చుకోవాలనుకోవడం తప్పు. అలా చేస్తే పని మధ్యలో ఇంకో ఉద్యోగం చూసుకోవాల్సి వస్తుందని సంస్థకు తెలుసు. తర్వాత అద్దె, సామగ్రి, సౌండ్ డిజైన్, సబ్‌టైటిళ్లు, డీసీపీ (థియేటర్లో ప్రదర్శించే డిజిటల్ ప్రతి), రెండు హార్డ్‌డిస్కులు, అనుకోని ఖర్చులకు పది శాతం. హార్డ్‌డిస్కుల్లో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి.

సంగీతం విషయంలో గట్టిగా ఉండండి. సినిమా పాట రెండు సెకన్లు వాడినా బాణీకీ, రికార్డింగుకూ విడివిడిగా అనుమతులు కావాలి. ఒప్పందంలో కాపీరైటు మీ దగ్గరే ఉండి, సంస్థకు ప్రదర్శన హక్కు మాత్రమే, ఎన్నేళ్లకో రాసి ఇచ్చేలా చూసుకోండి.

విదేశీ సంస్థ అయితే ముందు నివాస షరతు చదవండి. దరఖాస్తులకు కొన్ని పిలుపులు ఆ దేశంలో ఉండేవాళ్లకే. డబ్బు వచ్చేలా ఉంటే సంతకానికి ముందే చార్టర్డ్ అకౌంటెంట్‌కు ఒప్పందం చూపించండి: విరాళంగా వచ్చే సొమ్ముకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010 వర్తించవచ్చు, చేసిన పనికి ఇచ్చే పారితోషికం లెక్క వేరు.

నమూనా లింకును పంపేముందు మీ ఖాతాలోంచి బయటకు వచ్చి, వేరే ఫోనులో తెరిచి చూడండి. పాస్‌వర్డు దరఖాస్తులో అదే పేజీ మీద ఉండాలి.