పురాతన గ్రీకు శైలిలో చిన్న మట్టి గుర్రం చేయడం ఎలా?

క్రీస్తుపూర్వం 8వ శతాబ్దంలో గ్రీసులోని పుణ్యక్షేత్రం ఒలింపియాకు వెళ్ళిన భక్తులు జ్యూస్ దేవుడికి జంతువుల బొమ్మలు మొక్కుగా సమర్పించేవారు. కొన్ని కంచువి, కొన్ని కాల్చిన మట్టివి. వాటిలో గుర్రాలు, ఎద్దులే ఎక్కువ. గుర్రం కలిగినవాళ్ళ సొత్తు. ఎద్దు పొలానికీ కావాలి, బలికీ కావాలి. 1875లో జర్మన్ పురావస్తు శాస్త్రజ్ఞులు అక్కడ తవ్వకాలు మొదలుపెట్టాక ఇలాంటి బొమ్మలు వేల సంఖ్యలో బయటపడ్డాయి. ఎక్కువ భాగం అరచేతిలో పట్టేవే.

అలాంటి మట్టి గుర్రాన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు. కుమ్మరి సారె అక్కర్లేదు, బొమ్మలు చేసిన అనుభవం కూడా అక్కర్లేదు. అయితే మట్టి ముట్టుకునే ముందు కాసేపు పాత గుర్రాలను చూడాలి.

ముందుగా చూడాల్సినవి

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో క్రీ.పూ. 8వ శతాబ్దపు కంచు గుర్రం ఒకటుంది. ఎత్తు దాదాపు 18 సెంటీమీటర్లు. మ్యూజియం వెబ్‌సైట్‌లో దాని ఫొటో చూడండి. మెడ వెడల్పుగా, పలకలా ఉంటుంది. మూతి గుండ్రటి గొట్టం. నడుము సన్నం, తొడలు బలంగా ఉంటాయి, కాళ్ళు పొడుగు. జూలులో పాయలు చెక్కలేదు, కండరాలను విడివిడిగా చూపలేదు. అయినా గుర్రం పొగరంతా అందులో ఉంది. ఏం వదిలేయాలో ఆ శిల్పికి అంత బాగా తెలుసు. ఈ కాలపు గ్రీకు కళలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టేసింది ఆ గుణమే.

తర్వాత మధ్య గ్రీసులోని బియోషియా ప్రాంతంలో క్రీ.పూ. 6వ శతాబ్దంలో చేసిన మట్టి గుర్రాల ఫొటోలు వెతకండి. వీటి కాళ్ళు పొట్టి, మొదట్లో లావు, కిందికి వచ్చేసరికి సన్నం. ఒంటి నిండా ముదురు రంగు చారలు.

ఈ తేడా పదార్థం వల్ల వచ్చింది. కంచు గుర్రాన్ని ముందు మైనంతో చేసి, చుట్టూ మట్టి పట్టించి, మైనం కరిగించి, ఆ ఖాళీలో రాగి, తగరం కలిపిన లోహం పోసేవారు. ఆదిలాబాద్‌లో లోహంతో డోక్రా బొమ్మలు పోసే పనివాళ్ళు నేటికీ పాటించే సూత్రం ఇదే. కాకపోతే డోక్రా బొమ్మ లోపల సాధారణంగా మట్టి ముద్ద ఉంటుంది, ఆ గ్రీకు గుర్రాలు లోపలంతా లోహమే ఉన్న గట్టిపోతవి. సన్నటి పొడుగు కాళ్ళను కంచు మోయగలదు. మట్టి మోయలేదు, ఆరేటప్పుడే పగులుతుంది. కాబట్టి కంచు గుర్రం నుంచి మెడ, మూతి తీసుకుందాం, కాళ్ళు మాత్రం మట్టి గుర్రానివే పెడదాం.

మట్టి

పావుకిలో మెత్తటి బంకమన్ను చాలు. కుమ్మరి దగ్గర తెచ్చుకుంటే రాళ్ళు ఏరే పని తప్పుతుంది. గాలి బుడగలు పోయేలా బాగా పిసకండి. చేతికి అంటుకోకుండా, వంచితే పగలకుండా ఉండాలి. పిడికెడు మట్టి అతికించడానికి పక్కన పెట్టుకుని, అందులో కొంత నీళ్ళలో కలిపి చిక్కటి జావలా చేసుకోండి.

ఒళ్ళు, కాళ్ళు

రెండు సెంటీమీటర్ల మందం, పదిహేను సెంటీమీటర్ల పొడవుతో ఒక కడ్డీ చుట్టండి. రెండు చివర్లనూ చాకుతో నిలువుగా నాలుగేసి సెంటీమీటర్లు చీల్చండి. చీలిన ముక్కలను కొద్దిగా ఎడంచేసి, కడ్డీని వంతెనలా వంచితే నాలుగు కాళ్ళూ వచ్చేస్తాయి. విడిగా అతికించిన కాళ్ళు ఊడిపోయే భయం ఉంటుంది కాబట్టి మొదటిసారి చేసేవాళ్ళకు ఈ దారే మంచిది. కాళ్ళను వేళ్ళతో గుండ్రంగా సవరించండి, పాదం వైపు కాస్త సన్నం చేయండి. నడుమును రెండు వేళ్ళ మధ్య మెల్లగా నొక్కి సన్నబరచండి. తొడల దగ్గర మట్టి తగ్గించకండి.

మెడ, తల

గుర్రానికి ప్రాణం పోసేది ఇక్కడే, తొందరపడొద్దు. బొటనవేలంత ముద్ద తీసుకుని ఒక వైపు వెడల్పుగా అదమండి, అది మెడ. రెండో చివరను ముందుకు వంచి గొట్టంలా చుట్టండి, అది మూతి. మూతి కొసను పెన్సిల్ మొనతో కొద్దిగా లోపలికి నొక్కితే అంచు విచ్చుకుంటుంది. మెడ వెనక అంచును వేళ్ళతో గిల్లుతూ పైకి లాగితే జూలు శిఖలా నిలుస్తుంది. చెవులకు రెండు చిన్న మొనలు చాలు. కళ్ళు పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. మెడ ఒళ్ళు కంటే పెద్దదిగా కనిపిస్తోందని తగ్గించకండి కూడా, ఆ అతిశయమే ఈ శైలి.

అతికే చోట రెండు వైపులా గీతలు గీసి, జావ రాసి, గట్టిగా అదిమి, అతుకు మీద మట్టి మెత్తండి. తోకను ఒంటికి ఆనించి వెనక కాలి మీదుగా అతికిస్తే విరగదు.

ఆరబెట్టడం, చారలు

ఎండలో పెట్టొద్దు. నీడలో, పలచటి గుడ్డ కప్పి, కనీసం వారం రోజులు ఆరనివ్వండి. తడి పోతూ మట్టి కుదించుకుపోతుంది. ఒక వైపు ముందే ఆరితే మెడ మొదట్లో చీలిక వస్తుంది.

బొమ్మ గట్టిపడి ఇంకా కొంచెం తడి ఉండగా చారలు వేయాలి. గ్రీకులు వాడింది మామూలు రంగు కాదు, బాగా తేర్చిన సన్నటి మట్టి జావ. ఆవంలో, అంటే కుండలు కాల్చే బట్టీలో, గాలి ఆపేసి పొగ పెట్టినప్పుడు అది నల్లబడేది, మళ్ళీ గాలి వదిలితే మిగతా మట్టి ఎర్రబడేది, జావ మాత్రం నల్లగానే ఉండిపోయేది. ఇంట్లో అంత పని కుదరదు. లేత రంగులో కాలే మట్టి దొరికితే జేగురు కలిపిన జావతో చారలు గీయండి. మామూలు ఎర్రమట్టి అయితే కాల్చిన తర్వాత నల్ల రంగు వేసుకోవచ్చు. మెడ మీద అడ్డగీతలు, కాళ్ళ మీద పట్టీలు వేస్తే చాలు.

కాల్చడం

వంటింటి ఓవెన్ వేడికి మట్టి టెర్రకోటగా, అంటే గట్టి కాల్చిన మట్టిగా, మారదు, కుమ్మరి ఆవం కావాలి. అడిగి కుండలతో పాటు పెట్టించుకోండి. ఇచ్చే ముందు బొమ్మను చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే, ఇంకొన్ని రోజులు ఆగాలి. తడి బొమ్మ ఆవంలో పేలి పక్క కుండలను కూడా పాడుచేస్తుంది.

కాల్చే వీలు లేకపోయినా ఆరిన గుర్రాన్ని అలాగే ఉంచుకోవచ్చు, నీళ్ళు మాత్రం తగలకూడదు.

రౌతు కూడా కావాలంటే

బియోషియా రౌతులు చాలా సరదాగా ఉంటారు. ముఖం పిట్ట ముక్కులా ముందుకు పొడుచుకు వస్తుంది, చేతులు గుర్రం మెడను పట్టుకుని ఉంటాయి, చాలామందికి కాళ్ళే ఉండవు. చిటికెన వేలంత మట్టి కడ్డీని గుర్రం మీద నిలబెట్టి, పై కొసను రెండు వేళ్ళతో గిల్లితే ముఖం అయిపోతుంది. రెండు సన్నటి కడ్డీలను రౌతు భుజాల నుంచి గుర్రం మెడ దాకా అతికించండి. ఈ పని గుర్రం పచ్చిగా ఉన్నప్పుడే చేయాలి, ఆరిన ఒంటి మీద తడి మట్టి నిలవదు.